తిట్టు ఆగిన మధ్యాహ్నం

నా ఉద్యోగ జీవితంలో మందుల పేర్లకన్నా ఎక్కువసార్లు పలికిన మాట "బయటికి నడవండి". రిటైరైన కొత్తలో పండక్కి వచ్చిన చుట్టాలు రెండో విడత టీ కూడా తాగి ఇంకా కూర్చునే ఉంటే, అలవాటు కొద్దీ గోడ గడియారం వైపు చూసి "టైమైపోయిందండీ, ఇక బయల్దేరండి" అనేశాను. మా వారు ఆ సంగతి ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్విస్తుంటారు. ఆ చుట్టాలు మాత్రం మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. అందుకు నాకేమీ బెంగ లేదు.

మాది ఏలూరు. పుట్టింట్లో తివాచీలు నేసేవారు. మా అబ్బా, అంటే నాన్న, మగ్గం ముందు కూర్చున్నారంటే ఇంట్లో ఎవరూ గొంతెత్తకూడదు. మాటల్లో పడితే ముడి తప్పుతుంది, ముడి తప్పితే పువ్వు వంకర పోతుంది. అలాంటి ఇంట్లో పెరిగాను కాబట్టి మనుషులు గుంపుగా చేరి మాట్లాడుతుంటే నాకు చిన్నప్పట్నుంచీ చిరాకే. నన్ను తీసుకెళ్లి దేవుడు ఆస్పత్రి వార్డులో పడేశాడు.

ఇప్పుడు కొత్తగా నర్సింగ్ పూర్తి చేసిన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను చూడ్డానికి వస్తుంటారు. మానిటర్ల గురించి, కొత్త ఇంజెక్షన్ల గురించి అడుగుతారు. అవి నాకన్నా వాళ్లకే బాగా తెలుసు. నేను మాత్రం వాళ్లకి ఒక బావమరిది కథ చెబుతాను. మీకూ అదే చెబుతున్నాను.

అప్పటికి నేను తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో హెడ్ నర్సుని. రోజూ పొద్దున పాసింజర్లో ఏలూరు నుంచి వెళ్లొచ్చేదాన్ని. ఒకరోజు ఆకివీడు వైపు కొల్లేటి ఊరి నుంచి చేపల మేత వేసుకెళ్లే వ్యానులో ఒక మనిషిని తెచ్చారు. యాభై దాటిన వయసు, కష్టం చేసిన ఒళ్లు, బట్టలనిండా తవుడు. చెరువు గట్టు మీద మేత బస్తా భుజానికెత్తుకోబోయి, ఎడమ చెయ్యి మాట వినక కూలబడిపోయాడట. నోరు ఒక పక్కకి లాగేసింది, మాట ముద్దగా వస్తోంది. బీపీ మాత్రలు వాడుతున్నాడా అని అడిగితే, "వాడారండీ, తగ్గిపోయిందని మానేశారండీ" అంది భార్య. ఈ సమాధానం ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు.

స్కాన్ తీస్తే మెదడులో కుడివైపు లోపల నరం చిట్లి రక్తం గడ్డకట్టి ఉంది. డాక్టరుగారు బీపీ దించడానికి మందు మొదలుపెట్టారు. మంచం తలవైపు ఎత్తారు. మెడ వంకర కాకుండా సరిచేశారు. మర్నాడు మళ్లీ స్కాన్ తీస్తే గడ్డ పెరగలేదు. రక్తం కారడం ఆగిపోయింది. ఆ మాట వరండాలో ఉన్న చుట్టాల దాకా వెళ్లింది. నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

మా వైపు పరామర్శ ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. ఊరు ఊరంతా టాటా మ్యాజిక్కుల్లో దిగింది. బత్తాయిలు, బ్రెడ్డు, కొబ్బరిబొండాలు. తలకి సంబంధించిన జబ్బయితే మనవాళ్లు ఊరికే చూసి వెళ్లరు, పరీక్ష పెడతారు. ఒక్కొక్కరూ మంచం మీదికి వంగి, "నేనెవర్నో చెప్పు?" అంటారు. రోగి సరిగ్గా చెబితే పక్కవాళ్ల వైపు గర్వంగా చూస్తారు. వాళ్లూ అడుగుతారు. రోజంతా ఇదే వరస.

మా పేషెంటు ఆ పరీక్షలన్నీ పాసైపోయాడు. ముద్దమాటతోనే "పెద్దమ్మవి", "మా పడవ చేసిన మేస్త్రివి" అని చెప్పేవాడు. కానీ ఒక్కడికి మాత్రం ఎప్పుడూ పేరు పెట్టి చెప్పలేదు. ఆ ఒక్కడు భార్య తమ్ముడు. ఆకివీడులో ఐసు పెట్టిన చేపల లారీ నడుపుతాడు. మనిషి బండలా ఉంటాడు, నోట్లో నాలుక లేనట్టు నెమ్మది. అతను వచ్చి "బావా, నేనెవర్ని?" అనగానే మంచంలో మనిషికి ఎక్కడలేని ఓపికా వచ్చేసేది.

"నువ్వా? నా చెరువు మీద వాలే నీటికాకివి."

ఇంకోసారి అడిగితే, "గట్టుకి కన్నాలు పెట్టే ఎండ్రకాయవి."

మూడోసారి, "ఒంటికాలు మీద నిలబడి నా చేపల లెక్క చూసే కొంగవి."

చెప్పిన తిట్టు మళ్లీ చెప్పేవాడు కాదు. తిట్టించుకున్నవాడు సంబరంగా అందరి వైపూ చూసేవాడు. పెళ్లినాటి నుంచీ ఆ ఇద్దరికీ ఇదే వరసని అతని అక్కగారు చెప్పింది. బావ పేరు పెట్టి పిలిచిన రోజు ఒక్కటీ లేదట. వార్డంతా నవ్వులు. పక్క మంచాల వాళ్లు కూడా కొంగ గారు ఎప్పుడొస్తారా అని ఎదురుచూసేవాళ్లు. నాకు మాత్రం ఒళ్లు మండేది. "బయటికి నడవండి" అని గొంతు పోయేలా అరిచేదాన్ని. మా ఆయా, "అరవకండమ్మా, మీ బీపీ పెరుగుద్ది" అనేది.

ఆ రెండో రోజు సాయంత్రం డాక్టరుగారు పేషెంటు భార్యతో, పేషెంటు అన్నగారితో మాట్లాడారు. ఇంకో వారం పైనే ఉంచాలని, ఈ రోజులే జాగ్రత్తగా చూడాలని విడమరిచి చెప్పారు. అందరూ "ఆయ్, అలాగేనండి" అని తలూపారు. ఆయన ఓపీకి వెళ్లగానే అన్నగారు ఫోన్ తీసి కారు మాట్లాడాడు. మొక్కు ఉందట. గండం గడిస్తే ఆస్పత్రి నుంచి నేరుగా ద్వారకా తిరుమల తీసుకెళ్లి, తలనీలాలిచ్చాకే ఇంటి గడప తొక్కిస్తానని భార్య స్కాన్ గది ముందు నిలబడి మొక్కుకుంది. రక్తం ఆగింది, మనిషి తిడుతున్నాడు, మర్నాడు శనివారం. ఇంకేం కావాలి?

మా చిన్న సిస్టరు పరిగెత్తుకొచ్చి చెప్పింది. నేను వెళ్లి ఆవిణ్ణి మంచినీళ్ల ఫిల్టరు దగ్గర పట్టుకున్నాను.

"రేపు తీసుకెళ్లిపోతారట?"

"మీకు మా మొక్కుల సంగతి తెలీదులెండి సిస్టరుగారూ" అంది చాలా మర్యాదగా. "దాటేస్తే మంచిది కాదండి."

"ఎందుకు తెలీదమ్మా? మా అమ్మ దర్గాకి మొక్కని రోజు లేదు. మొక్కు తీర్చొద్దని నేనెందుకంటాను? ఇప్పుడు కదపొద్దంటున్నాను, అంతే."

"రక్తం ఆగిపోయిందన్నారు కదండీ?"

"ఆగింది."

"మాట్లాడుతున్నారు కదండీ? మా తమ్ముణ్ణి కూడా తిడుతున్నారు కదా, మరి?"

నాకు కోపం వస్తోంది. డాక్టరుగారు చెప్పిందే మళ్లీ చెప్పబోయి ఆగాను. ఆయన చెప్పిందేమీ తప్పు కాదు. రక్తం కారడం ఆగినంత మాత్రాన కథ అయిపోదు. గడ్డకట్టిన రక్తం అక్కడే కూర్చుంటుంది. దాన్నుంచి ఊరిన నీరు చుట్టూ పాకుతుంది. ఆ తర్వాత గడ్డ మెల్లగా విరుగుతూ చుట్టుపక్కల మెదడుకి మంట పెడుతుంది. ఆ మంటకి మెదడు నీరు పట్టి ఉబ్బుతుంది. ఇదంతా గంటల్లో అయ్యేది కాదు, రోజుల మీద పెరుగుతుంది. ఒంట్లో ఇంకెక్కడ వాచినా చర్మం సాగుతుంది. పుర్రె సాగదు. ఉబ్బిన మెదడుకి పోడానికి చోటు ఉండదు, కింది భాగాన్ని నొక్కేస్తుంది. ఊపిరి నడిపేది ఆ భాగమే. ఇదంతా నాకు తెలుసు. కానీ మనిషి నవ్వుతూ కనిపిస్తుంటే ఎవరు నమ్ముతారు?

ఏలూరు దాన్ని కదా, తమ్మిలేరు పొంగడం నేనూ చూసినదాన్నే. అడిగాను. "తుఫాను వచ్చినప్పుడు మీ చెరువు గట్లు ఎప్పుడు తెగుతాయమ్మా? వాన పడుతుండగానా?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "వాన పడుతుండగా ఎందుకు తెగుతాయండీ? వెలిశాక తెగుతాయి. పొడి ఎండ కాస్తుంటాది, బట్టలారేసుకుంటా ఉంటాం. అప్పుడొస్తాయండీ పైనుంచి నీళ్లు. తమ్మిలేరూ బుడమేరూ అన్నీ మా మీదకే కదండీ. పోడానికి ఉప్పుటేరొక్కటే దారి."

"మరి వాన వెలిసిందని గట్టు వదిలేసి కొండకి వెళ్తారా?"

ఆవిడ చేతిలో గ్లాసు నిండి కిందికి కారుతోంది. కుళాయి కట్టలేదు. నేనే కట్టాను. "ఎన్నాళ్లండీ కాపలా?" అంది.

"నీళ్లు దిగేదాకా. డాక్టరుగారు చెప్తారు."

"ఊరికే కూర్చోమంటే మావోళ్లు కూర్చోరండి. ఏదో ఒక పని చెప్పండి" అంది.

ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ చుట్టాల్ని తరమడమే తప్ప వాళ్లకి పని చెప్పాలని నాకు తోచలేదు. ఎలాగూ పొమ్మంటే పోరు, ఎలాగూ పరీక్ష పెట్టక మానరు. సరే, పెట్టమన్నాను. ఒకసారికి ఒక్కరే లోపలికి రావాలి. చెరువు కాపలాలాగే వంతులు. వచ్చినవాళ్లు పిలవాలి, పేషెంటు కళ్లు తెరవాలి. తామెవరో వాళ్లు అడగాలి, అతను చెప్పాలి. ఇంతకుముందులా చెప్పకపోతే ఎంత చిన్న తేడా అయినా నాకు చెప్పాలి. నిద్రపోతుంటే లేపి మరీ అడగాలి.

ఇక్కడ గొడవైంది. జబ్బు మనిషిని నిద్ర లేపడం మహాపాపం అన్నారు. ఒక పెద్దాయన అయితే, మంచం ఎత్తుగా ఉండి నిద్ర సరిగ్గా పట్టడం లేదని జాలిపడి, నేను అటు తిరగ్గానే హ్యాండిల్ తిప్పి తలవైపు దించేశాడు. ఆయనకి నేను పెట్టిన చీవాట్లు ఆపరేషన్ థియేటరు దాకా వినపడ్డాయట. మంచం మళ్లీ ఎత్తి, హ్యాండిల్‌కి బ్యాండేజీ గుడ్డ చుట్టి ముడేశాను. అబ్బా నేర్పిన ముడి. దాన్ని విప్పడం ఎవరి తరమూ కాదు.

మా చిన్న సిస్టరుకీ ఈ ఏర్పాటు నచ్చలేదు. "మనం వేళకి మెలకువ స్కోరు రాస్తూనే ఉన్నాం కదా మేడం, వీళ్లెందుకు?" అంది. ఆ పిల్ల మంచి పనిమంతురాలు. కంటిపాపలు చూసేది, చెయ్యెత్తమనేది, పేరూ ఊరూ అడిగేది, అన్నీ పద్ధతిగా చేసేది. "నీ మార్కులు నువ్వు వెయ్యి, వాళ్ల పరీక్ష వాళ్లని పెట్టుకోనీ" అన్నాను.

మూడో రోజు పొద్దున మనిషి కాస్త మందంగా ఉన్నాడు. తలనొప్పి అన్నాడు, ఇడ్లీ వద్దన్నాడు. రాత్రి సరిగ్గా నిద్ర లేదులే అనుకున్నారు. మధ్యాహ్నానికి గుర్రు పెట్టి పడుకున్నాడు. అది చూసి భార్య మొహం విప్పారింది. "ఇంట్లో పడుకున్నట్టే పడుకున్నారండీ" అంది నాతో. చిన్న సిస్టరు లేపి చూసింది. పిలవగానే కళ్లు తెరిచాడు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, కుడి చెయ్యి ఎత్తాడు. కంటిపాపలు రెండూ సమానంగా ఉన్నాయి. ఒక్క మార్కు కూడా తగ్గలేదు.

అప్పుడు బావమరిది వంతు వచ్చింది. లోపలికి వెళ్లాడు. ఒక నిమిషం గడిచిందో లేదో వరండాలోకి వచ్చి నా ముందు నిలబడ్డాడు. అంత మనిషీ చెప్పులు కూడా వేసుకోలేదు.

"ఏమైందయ్యా? చెప్పలేదా?"

"చెప్పారండీ."

"ఏమని?"

"నా పేరు చెప్పారండీ." కళ్ల నీళ్లు తుడుచుకున్నాడు. "బావ నన్ను తిట్టలేదండీ సిస్టరుగారూ. రెండోసారి కూడా అడిగానండీ. పేరే చెప్పారండీ."

అక్కడున్న ఎవరో నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. పేరు చెప్పడం తేలిక, అది ఏళ్ల తరబడి నాలుక మీద ఉండేదే. కొత్త తిట్టు కట్టాలంటే మెదడు పూర్తిగా మేలుకుని ఉండాలి. సరసమాడాలంటే ఎదుటి మనిషి మొహం చూడాలి, మనసు పెట్టాలి, ఆ మనిషి నవ్వుతాడని తెలియాలి. మెదడులో ఆ పెద్ద పనులన్నీ ఒక్కొక్కటిగా మూసుకుంటున్నాయన్నమాట. మేము వేసే మార్కుల్లో ఆ ప్రశ్న లేదు.

నేను వెళ్లి పిలిచాను. ఒక్కసారికి పలకలేదు. ఛాతీ మీద తట్టాక పలికాడు. బీపీ పెరిగింది, నాడి పొద్దుటికన్నా మందగించింది. డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన పేషెంట్ల మధ్య నుంచి లేచి వచ్చేశారు. "ఏం తేడా కనిపించింది సిస్టరుగారూ?" అన్నారు నడుస్తూనే.

"బావమరిదిని తిట్టలేదండి" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా మొహం చూశారు. నవ్వలేదు. "స్కాన్‌కి తీసుకెళ్లండి" అన్నారు. అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

గడ్డ ఉన్నంతే ఉంది. కానీ దాని చుట్టూ ఉన్న నల్లటి వలయం వెడల్పయింది, మెదడు మధ్యగీత ఎడమకి జరిగింది. నీరు లాగే మందు బాటిల్ వెంటనే ఎక్కించారు. మెదడు ఆపరేషన్ చేసే డాక్టరుగారు ఏలూరు నుంచి బయల్దేరారు. మందుకి లొంగితే సరే, లేకపోతే పుర్రె తెరవాలి. అందుకు సిద్ధంగా ఉండాలని జుట్టు తీసే మనిషిని పిలిపించారు. అతను కత్తెర, మిషను పట్టుకుని థియేటరు గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

అతన్ని చూసి అన్నగారు కంగారుపడ్డాడు. దేవుడికిచ్చిన జుట్టు కదా, ఇక్కడ తీసేస్తే మొక్కు ఏం కావాలి? పేషెంటు భార్య వైపు చూశాడు. ఆవిడ నుదురు గట్టిగా నొక్కుకుంది. పెదాలు కదిపి ఏదో అనుకుంది, బహుశా పైవాడికే చెప్పుకుందేమో. తర్వాత నా దగ్గరకొచ్చి, "తీసేయమనండి. తల ఉంటే జుట్టు మళ్లీ వస్తాది" అని సంతకం పెట్టింది. ఆవిణ్ణి కౌగిలించుకోవాలనిపించింది. నేను అలాంటి మనిషిని కాను కాబట్టి కుర్చీ తెచ్చి వేశాను.

ఆ తర్వాతంతా ఎదురుచూపులే. ఏలూరు డాక్టరుగారు వచ్చి చూశారు. మందు పనిచేస్తున్నట్టే ఉంది, ఇంకాస్త ఆగుదాం అన్నారు. జుట్టు తీసే మనిషికి ఆవిడ టీ తెప్పించింది, ఇంకాసేపటికి ఇంకో టీ. చివరికి అతను పని లేకుండానే వెళ్లిపోయాడు. చేతిలో పెట్టె ఊపుకుంటూ, "మళ్లీ పిలవకుండా ఉంటే మంచిదమ్మా" అని చెప్పి మరీ వెళ్లాడు.

మర్నాడు పిలిస్తే పలికాడు. ఆ మర్నాడు ఇడ్లీ అడిగాడు. కానీ బావమరిది వచ్చి "నేనెవర్ని బావా?" అన్నప్పుడల్లా పేరే చెప్పేవాడు. అతను మొహం వేలాడేసుకుని వరండాలోకి వచ్చేవాడు. చిన్న సిస్టరు నోరు తెరిచేలోపే, "ఇంకా లేదండీ" అని చేతులు తిప్పేసేవాడు. ఆ పిల్ల ఇప్పుడు తన కాగితం మీద, అన్ని గడుల కింద ఖాళీగా ఉన్న చోట పెన్సిల్‌తో 'తిట్టు: లేదు' అని రాసేది. డాక్టరుగారు రౌండ్స్‌లో ముందు ఆ లైనే చూసేవారు.

వాపు దిగడం ఎక్కడంకన్నా నెమ్మది. ఒకరోజు బాగుంటే ఇంకోరోజు మబ్బుగా ఉండేవాడు. చుట్టాలు వంతుల ప్రకారం వస్తూనే ఉన్నారు. ఒక్కరోజూ వంతు తప్పలేదు. నేను అరవడం మానేశాను. ఆయాకి భయమేసి, ఒంట్లో బాగోలేదా అమ్మా అని అడిగింది.

ఆఖరికి ఒక పొద్దున, నేను పాసింజరు దిగి వార్డులోకి వచ్చేసరికి, బావమరిది మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పుడే అడిగినట్టున్నాడు. పేషెంటు చాలాసేపు అతని మొహంలోకి చూశాడు. నోరు వంకరగా ఉన్నా, ఆ వంకరలోంచే నవ్వు కదలడం నాకు కనపడింది.

"ఐసు కరిగిపోయిన జెల్లచేపవి" అన్నాడు.

బావమరిది అక్కడే కూలబడి ఏడ్చేశాడు. పక్క మంచాల వాళ్లు చప్పట్లు కొట్టారు. చిన్న సిస్టరు పెన్సిల్ కోసం పరిగెత్తింది. అక్కగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ, వార్డులో ఇంత గోల ఏంటని గట్టిగా కేకేసి నా గౌరవం నిలబెట్టుకున్నాను.

డిశ్చార్జి రోజు డాక్టరుగారు కొండ ప్రయాణం ఇప్పుడే వద్దంటే, మొక్కు వాయిదా వేసుకుని ఇంటికే తీసుకెళ్లారు. తర్వాత కొన్ని నెలలకి, మధ్యాహ్నం విజిటర్ల టైము కాని టైములో, ఇద్దరు గుండు మనుషులు వార్డు గుమ్మంలో నిలబడ్డారు. ఒకాయన చేతికర్ర పట్టుకున్నాడు. ఇంకో మనిషి చేతిలో ప్రసాదం కవరు ఉంది. ఇద్దరి గుండ్ల మీదా చందనం. అలవాటు కొద్దీ, "టైం కాదండీ, బయటికి నడవండి" అన్నాను.

చేతికర్ర మనిషి కదల్లేదు. ఇంకో రెండడుగులు ముందుకేసి, మంచం మీదికి వంగినట్టు నా టేబుల్ మీదికి వంగాడు.

"నేనెవర్నో చెప్పండి చూద్దాం సిస్టరుగారూ?"

చూశాను. మా వార్డుకి వచ్చేవాళ్లకి జుట్టుంటుంది, మొహం పీక్కుపోయి ఉంటుంది. ఈయన నున్నగా, బలంగా ఉన్నాడు. గుర్తు రాలేదు. ఆ పరీక్షలో నేను తప్పాను. వెనక చిన్న సిస్టరు కిసుక్కుమంది.

"ఎవరో తెలీట్లేదయ్యా" అని ఒప్పుకున్నాను.

ఆయన పక్కనున్న గుండు వైపు తిరిగాడు. "నీ మూలంగానేరా గుడ్డికొంగా. నీకు జుట్టుంటే నిన్ను చూసైనా నన్ను గుర్తుపట్టేవారు కాదూ? మొక్కు నాదైతే నువ్వెందుకు గీయించుకున్నావు?"

తిట్టించుకున్నవాడు సంబరంగా నా వైపు చూశాడు.

వాళ్లిద్దర్నీ కుర్చీలు వేసి కూర్చోబెట్టాను. ఆ రోజు టైమెంతయిందో నేను చూడలేదు.